పాఠకుల ప్రశ్నలు: వరదకు పిలిస్తే పలకాల్సిన దళం యుద్ధంలో ఉంటే?

అమెరికాలో నేషనల్ గార్డ్ అనే రిజర్వు దళాన్ని విదేశీ యుద్ధాలకు పంపడం, స్వదేశంలో వచ్చే ఆపదల కోసం అట్టేపెట్టుకోవడం అనే విషయంపై పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు హ్యూస్టన్‌లో ఉంటారు. 2017లో హార్వీ తుపాను వచ్చినప్పుడు వాళ్ళ కాలనీలో నడుం లోతు నీళ్ళు నిలిస్తే, నేషనల్ గార్డ్ వాళ్ళే ఎత్తయిన లారీల్లో వచ్చి ఇరుగుపొరుగు వాళ్ళను బయటికి చేర్చారు. అదే దళాన్ని ఇరాక్, అఫ్గానిస్తాన్ లాంటి చోట్లకు కూడా పంపేవారని మా అల్లుడు చెబితే ఆశ్చర్యపోయాను. ఆపదలో అక్కరకు రావలసిన వాళ్ళను అంత దూరం పంపడం సమంజసమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నేషనల్ గార్డ్‌కు ఇద్దరు యజమానులు ఉన్నారు. మామూలు రోజుల్లో అది రాష్ట్ర గవర్నర్ ఆజ్ఞలో ఉంటుంది. అమెరికాలో గవర్నర్ అంటే ప్రజలు ఎన్నుకున్న పాలకుడు, మన ముఖ్యమంత్రి లాంటివాడు. హార్వీ సమయంలో టెక్సాస్ గవర్నర్ తన రాష్ట్రంలోని గార్డు మొత్తాన్ని, సుమారు 12,000 మందిని, వరద సహాయానికి పిలిచాడు. అయితే దేశాధ్యక్షుడు యుద్ధ అవసరానికి పిలిచిన క్షణం నుంచి అదే మనుషులు అదే యూనిఫారంలో ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, సైన్యంలో భాగమైపోతారు, గవర్నర్ మాట వాళ్ళ మీద చెల్లదు. ఒకే కాడి ఎడ్లను ఒకే రోజుకు రెండు పొలాలకు మాట ఇచ్చినట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. రెండు పొలాలకూ ఒకే రోజు పదును రానంత కాలం ఎవరికీ ఇబ్బంది తెలియదు.

2005లో ఆ రోజు వచ్చింది. ఆ ఏడాది ఇరాక్‌లో ఉన్న అమెరికన్ బలగాల్లో గార్డు, ఇతర రిజర్వు దళాల వాటా ఒక దశలో సుమారు 40 శాతానికి చేరింది. లూసియానా రాష్ట్రానికి చెందిన 256వ పదాతి బ్రిగేడ్, పక్కనున్న మిసిసిపీకి చెందిన 155వ బ్రిగేడ్ రెండూ ఇరాక్‌లోనే ఉన్నాయి. నీళ్ళలో నడిచే ఎత్తయిన వాహనాలు, ఇంధనం మోసే ట్యాంకర్లు, జనరేటర్లు కూడా బ్రిగేడ్‌తో పాటు వెళ్ళిపోయాయని, పెద్ద తుపాను వస్తే కష్టమవుతుందని లూసియానా గార్డు ప్రతినిధి ఒకరు ఆగస్టు మొదట్లోనే స్థానిక టీవీ వారికి చెప్పారు. ఆగస్టు 29న కత్రినా తుపాను తీరం దాటింది. వరద కట్టలు తెగి లూసియానాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో దాదాపు 80 శాతం మునిగింది. నగరంలో ఉన్న గార్డు ప్రధాన కార్యాలయం జాక్సన్ బ్యారక్స్ కూడా నీట మునగడంతో, సహాయం చేయవలసిన అధికారులే ముందు తమను తాము రక్షించుకుని సూపర్‌డోమ్ క్రీడా మందిరానికి తరలవలసి వచ్చింది. మృతులు 1,800 మందికి పైగా అని ఆనాటి లెక్క. తరువాత ఆ సంఖ్యను 1,392గా సవరించారు.

ఇరాక్‌కు వెళ్ళిన బ్రిగేడ్లు ఊళ్ళోనే ఉంటే ఎందరు బతికేవారో ఎవరూ లెక్క కట్టి చెప్పలేరు, అలా చెప్పేవారిని నమ్మవద్దు. వైఫల్యంలో పెద్ద భాగం వరద కట్టల నిర్మాణానిది, ఆలస్యంగా కదిలిన అధికార యంత్రాంగానిది. ఐనా, అప్పట్లో నేషనల్ గార్డ్ బ్యూరో అధిపతిగా ఉన్న లెఫ్టినెంట్ జనరల్ స్టీవెన్ బ్లమ్, ఆ రెండు రాష్ట్రాల దళాలు లేకపోవడం వల్ల మహా అయితే ఒక రోజు స్పందన ఆలస్యమై ఉండవచ్చని సెప్టెంబరులో స్వయంగా ఒప్పుకున్నారు. ఇళ్ళ కప్పుల మీద, ఎండలో, తాగడానికి చుక్క నీరు లేకుండా నిలబడ్డ వృద్ధులకు ఒక రోజు చిన్న విషయం కాదు. సెప్టెంబరులో 256వ బ్రిగేడ్ సైనికులు ఇళ్ళకు తిరిగి రావడం మొదలైనప్పుడు, వాళ్ళలో కొందరికి వెళ్ళడానికి ఇల్లే మిగల్లేదు. ఏడాది పాటు పరాయి దేశంలో కాపలా కాసి వచ్చినవాళ్ళు సొంత కుటుంబం ఏ రాష్ట్రంలో తలదాచుకుందో వెతుక్కోవలసి రావడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

మనుషుల కొరతను మిగతా రాష్ట్రాలు పూడ్చాయి. 1992 నాటి ఆండ్రూ తుపాను అనుభవం తర్వాత రాష్ట్రాలు పరస్పర సహాయ ఒప్పందం ఒకటి కుదుర్చుకోగా, 1996లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, దానికి ఆమోదం తెలిపింది. ఆ ఒప్పందం కింద దేశం నలుమూలల నుంచి గార్డు సైనికులు తరలివచ్చి, రెండు వారాలు గడవక ముందే తీర ప్రాంతంలో వాళ్ళ సంఖ్య 50,000 దరిదాపులకు చేరింది. కాబట్టి మొత్తం దేశంలో మనుషులు లేక కాదు. దగ్గరలో ఉన్నవాళ్ళు, ఆ ఊరి వీధులు తెలిసినవాళ్ళు, మొదటి ఇరవై నాలుగు గంటల్లో చేరగలిగినవాళ్ళు తగ్గిపోయారు. వరదలో ప్రాణాలు నిలిచేదీ పోయేదీ ఆ మొదటి గంటల్లోనే.

సామాన్ల కొరత అలా పూడలేదు. మన కాగ్ లాంటి అమెరికన్ ఆడిట్ సంస్థ 2005లో ఇచ్చిన నివేదిక ప్రకారం, విదేశాలకు వెళ్ళే దళాలను పూర్తిగా సన్నద్ధం చేయడానికి ఆర్మీ నేషనల్ గార్డ్ ఇంటి దగ్గర మిగిలిన దళాల నుంచి 1,01,000కు పైగా వస్తువులను తీసి ఇచ్చింది. ఫలితంగా 2005 జూలై నాటికి ఇంటి దగ్గరున్న దళాల చేతిలో, తమకు అత్యవసరమని నిర్ణయించిన యుద్ధ సామగ్రిలో 34 శాతమే మిగిలింది. యుద్ధ సామగ్రి అనగానే తుపాకులే గుర్తుకు వస్తాయి గాని, వరదకు కావలసిన లారీ, రేడియో, జనరేటర్, హెలికాప్టర్ కూడా ఆ జాబితాలోవే. దళం తిరిగి వచ్చినా సామాను చాలావరకు తరువాత వెళ్ళే దళం కోసం అక్కడే ఉండిపోయేది. 2007 మే 4న కాన్సస్ రాష్ట్రంలోని గ్రీన్స్‌బర్గ్ అనే చిన్న పట్టణాన్ని సుడిగాలి దాదాపు పూర్తిగా నేలమట్టం చేసినప్పుడు, లారీలు, శిథిలాలు ఎత్తే యంత్రాలు ఇరాక్‌లో ఉండటం వల్ల పని మందగించిందని గవర్నర్ కాథ్లీన్ సెబేలియస్ బాహాటంగా చెప్పారు. ఆమె తగినంతగా అడగలేదని అధ్యక్ష భవనం వారు తిప్పికొట్టారు. ఎవరి మాట ఎంతవరకు నిజమైనా, గాలికి ఊరంతా కొట్టుకుపోయిన వారంలో ఆ వాదన జరగవలసి రావడమే ఏర్పాటులోని లోపాన్ని చూపిస్తుంది.

కాబట్టి, అమ్మా, రిజర్వు దళాన్ని విదేశాలకు పంపడమే తప్పని నేను అనను. దేశం చట్టసభలో చర్చించి యుద్ధానికి సిద్ధపడితే ఆ భారం వృత్తి సైనికుల మీదే పడాలనడం కూడా న్యాయం కాదు. అయితే ప్రతి రాష్ట్రంలోనూ కొంత భాగాన్ని ఏ పరిస్థితిలోనూ కదపకూడదు. ఆ భాగం చేతిలో వాహనాలు, ఇంజనీర్లు, వైద్యులు, హెలికాప్టర్లు పూర్తిగా ఉండాలి. తుపాను కాలంలో తీర రాష్ట్రాల నుంచి బ్రిగేడ్లకు బ్రిగేడ్లు తీసుకుపోకూడదు. కనీసం సగం దళం ఎప్పుడూ గవర్నర్లకు అందుబాటులో ఉండేలా చూస్తానని జనరల్ బ్లమ్ మాట ఇచ్చారు. అది మంచి మాట. మాటగా కాక చట్టంగా ఉండవలసిన మాట.

ప్రశ్న: రాష్ట్రంలో ఆపద పొంచి ఉందని గవర్నర్ తన గార్డును పంపనని నిరాకరించవచ్చా?
– న్యాయశాస్త్ర విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: యుద్ధ సమీకరణలో నిరాకరించలేరు, కానీ ఆ స్థితికి చేరడానికి చాలా కాలం పట్టింది. అమెరికా రాజ్యాంగం రాష్ట్రాల మిలీషియాను, అంటే నేటి గార్డుకు పూర్వరూపమైన పౌర దళాన్ని, మూడు పనులకు మాత్రమే కేంద్రం పిలవవచ్చని రాసింది: సమాఖ్య చట్టాల అమలు, తిరుగుబాట్ల అణచివేత, దండయాత్రలను తిప్పికొట్టడం. ఈ మూడింటిలో దేశం దాటి వెళ్ళడం లేదు. బ్రిటన్‌తో యుద్ధంలో 1812 అక్టోబరు 13న నయాగరా నది ఒడ్డున క్వీన్‌స్టన్ హైట్స్ పోరు జరుగుతుండగా, న్యూయార్క్ మిలీషియాలో చాలామంది కెనడా గడ్డ మీద పోరాడే బాధ్యత తమకు లేదని చెప్పి నది దాటడానికి నిరాకరించారు. అవతలి ఒడ్డున ఉన్న తోటివారు ఓడి బందీలయ్యారు. ఆ ఘటనలో పిరికితనమూ ఉంది, రాజ్యాంగమూ ఉంది.

1903 చట్టంతో ఆధునిక గార్డు రూపుదిద్దుకుంది. 1908లో సవరణ చేసి విదేశాలకు పంపవచ్చన్నారు, 1912లో అటార్నీ జనరల్ అది రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. 1933లో ఒక ఉపాయం కనిపెట్టారు: గార్డులో చేరిన ప్రతి వ్యక్తీ ఏకకాలంలో రాష్ట్ర దళంలోనూ, సమాఖ్య సైన్యపు రిజర్వులోనూ చేరినట్టు లెక్క. కేంద్రం పిలిచినప్పుడు అతను రాష్ట్ర సభ్యత్వం నుంచి విడివడి నేరుగా సైనికుడవుతాడు, అప్పుడు మిలీషియాకు ఉన్న మూడు హద్దులు అతనికి వర్తించవు.

1980లలో కొందరు గవర్నర్లు తమ గార్డును శిక్షణ పేరుతో మధ్య అమెరికాకు, ముఖ్యంగా హోండురాస్‌కు పంపడాన్ని అడ్డుకోబోయారు. స్థలం, ఉద్దేశం, సమయం నచ్చలేదన్న కారణంతో గవర్నర్ అడ్డు చెప్పకూడదని 1986లో కాంగ్రెస్ సవరణ తెచ్చింది. మిన్నెసోటా గవర్నర్ రూడీ పెర్పిచ్ కోర్టుకు వెళ్ళగా, 1990లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సవరణను సమర్థించింది. అయితే శిక్షణ యాత్ర వల్ల స్థానిక ఆపదలను ఎదుర్కొనే శక్తి దెబ్బతింటుందనుకుంటే గవర్నర్ అడ్డు చెప్పే హక్కు చెక్కుచెదరలేదని అదే తీర్పులో పేర్కొంది. విద్యార్థులు ఈ భాగాన్ని తప్పక చదవాలి. ఎందుకంటే ఆ హక్కు శిక్షణకే పరిమితం. 2001 సెప్టెంబరు ఉగ్రదాడుల తరువాత జరిగినట్టు అధ్యక్షుడు అత్యవసర సమీకరణ ప్రకటిస్తే అది పనికిరాదు. ఇంటి ఆపద అనే కారణాన్ని శిక్షణ విషయంలో చట్టం గుర్తించి, అంతకన్నా ఎక్కువ మందిని ఎక్కువ కాలం తీసుకుపోయే యుద్ధం విషయంలో గుర్తించకపోవడం నాకు సమంజసంగా తోచదు. కాంగ్రెస్ యుద్ధం ప్రకటించకుండా గార్డును విదేశీ పోరుకు పంపరాదనే బిల్లులు ఇటీవల అనేక రాష్ట్రాల చట్టసభల ముందుకు వచ్చాయి. న్యూ హాంప్‌షైర్ దిగువ సభ 2024లో అలాంటి బిల్లును ఆమోదించింది గాని అది చట్టం కాలేదు.

ప్రశ్న: నేను 22 ఏళ్ళు సైన్యంలో పనిచేశాను. అంత పెద్ద సైన్యం ఉన్న దేశం రిజర్వుల మీద ఎందుకు ఆధారపడింది? తుపానుకు గార్డు లేకపోతే రెగ్యులర్ సైన్యాన్ని దింపితే సరిపోదా?
– మాజీ సైనికుడు, తాడేపల్లిగూడెం

జవాబు: మొదటి ప్రశ్నకు జవాబు వియత్నాంలో ఉంది. అధ్యక్షుడు జాన్సన్ రిజర్వులను పెద్ద ఎత్తున పిలవకుండా నిర్బంధ సైనిక సేవతోనే ఆ యుద్ధం నడిపించాడు. 1968లో పిలిచింది కూడా కొద్దిమందినే. నిర్బంధ సేవ 1973లో ముగిశాక, సైన్యాధిపతి క్రైటన్ అబ్రమ్స్ కాలంలో రవాణా, వైద్యం, ఇంజనీరింగ్ వంటి సహాయక విభాగాలను ఎక్కువగా రిజర్వుల్లో ఉంచారు. దానివల్ల రిజర్వులను పిలవకుండా పెద్ద యుద్ధం చేయడం కష్టమైంది, ప్రతి పట్టణం నుంచి మనుషులు వెళ్తారు గనుక ప్రజల సమ్మతి లేకుండా యుద్ధానికి దిగడమూ కష్టమవుతుందని చాలామంది ఆశించారు. ఆ ఆశలో గొప్ప విలువ ఉంది. కానీ వరదకు కావలసినవి కూడా సరిగ్గా అవే విభాగాలు. యుద్ధానికి ముందుగా అవసరమయ్యేవాళ్ళూ, ఊరికి ముందుగా అవసరమయ్యేవాళ్ళూ ఒక్కరే అయ్యారు.

రెండో ప్రశ్నకు వస్తే, సైనికుడిగా మీకు తెలిసిన క్రమశిక్షణ, సామర్థ్యం రెగ్యులర్ సైన్యంలో తప్పక ఉంటాయి. కత్రినాకు సుమారు 20,000 మంది రెగ్యులర్ సైనికులు కూడా వచ్చారు. కానీ 1878 నాటి పాసీ కామిటాటస్ చట్టం ప్రకారం వారు సాధారణంగా పోలీసు పనులు చేయకూడదు. దోపిడీని ఆపడం, అరెస్టు చేయడం గవర్నర్ ఆజ్ఞలో ఉన్న గార్డుకే సాధ్యం. అందుకే గార్డు దూరంగా ఉన్నప్పుడు దాని స్థానాన్ని సైన్యం పూర్తిగా భర్తీ చేయలేదు. ఆ రోజుల్లో అధ్యక్షుడు బుష్ లూసియానా గార్డును తన ఆజ్ఞలోకి తీసుకుంటానని అడిగితే గవర్నర్ కాథ్లీన్ బ్లాంకో ఒప్పుకోలేదు. ఆమెను అప్పట్లో చాలామంది విమర్శించారు. ఒప్పుకుని ఉంటే గార్డు కూడా ఆ పోలీసు అధికారాన్ని కోల్పోయేది కాబట్టి ఆమె నిర్ణయం సరైనదే అని నా అభిప్రాయం. ఇక ఆర్మీ రిజర్వు అనేది గార్డుకు భిన్నమైనది, పూర్తిగా ఫెడరల్ దళం. దాన్ని దేశంలోని ప్రకృతి విపత్తులకు పిలిచేందుకు చట్టం వీలు కల్పించడం కత్రినా తర్వాత ఆరేళ్ళకు గాని జరగలేదు.

ప్రశ్న: మన దేశంలోనూ ఇలాంటి చిక్కు ఉందా? 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇళ్ళను ముంచినప్పుడు వచ్చిన ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వాళ్ళు విదేశాలకు కూడా వెళ్తారని విన్నాను.
– ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: వెళ్తారు. 2011లో జపాన్ సునామీ, 2015లో నేపాల్ భూకంపం, 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపం తరువాత వెళ్ళారు. తుర్కియేకు వెళ్ళింది మూడు బృందాలు, సుమారు 150 మంది, రెండు వారాల లోపే తిరిగి వచ్చారు. పదహారు బెటాలియన్లు, ఒక్కో బెటాలియన్‌లో వెయ్యికి పైగా సిబ్బంది ఉన్న దళం నుంచి అంతమంది అన్ని రోజులు వెళ్ళడం వల్ల ఇక్కడ లోటు రాదు. పైగా కూలిన భవనాల కింద పని చేసిన అనుభవం మనకే ఉపయోగపడుతుంది. పంపే సంఖ్య చిన్నది, గడువు స్పష్టమైనది, పని అదే స్వభావం గలది అయినప్పుడు పంపడమే మంచిది.

మన ఏర్పాటులో నాకు నచ్చేది మరొకటి ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడిన ఈ దళం విపత్తుల కోసమే ప్రత్యేకించినది, ఏ విదేశీ యుద్ధానికీ దాన్ని తీసుకుపోరు. 1977 దివిసీమ ఉప్పెన నాటికి ఇలాంటి దళం మనకు లేదు. ఐతే పెద్ద విపత్తులో ఇప్పటికీ సైన్యం రావలసిందే. బుడమేరు గండ్లు పూడ్చే పనిలో సైనికులు పాల్గొనడం మీరు చూసే ఉంటారు. ఆ సైన్యం పూర్తిగా కేంద్రం చేతిలోనిది. మన ముఖ్యమంత్రులు సహాయం కోరగలరే గాని ఆజ్ఞ ఇవ్వలేరు.

గార్డుకు కాస్త దగ్గరగా పోల్చదగినది ప్రాదేశిక సైన్యం, అంటే టెరిటోరియల్ ఆర్మీ. ఉద్యోగం, వ్యాపారం చేసుకునే పౌరులు ఏటా కొంతకాలం శిక్షణ పొందుతూ అందులో ఉంటారు. రెగ్యులర్ సైన్యాన్ని స్థిరమైన కాపలా పనుల నుంచి విడిపించడం, ప్రకృతి వైపరీత్యాల్లో పౌర యంత్రాంగానికి తోడ్పడటం దాని విధులు. 1948 నాటి చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే తప్ప ఆ సైనికులను దేశపు హద్దులు దాటి సేవ చేయమనకూడదు. శ్రీలంకలో 1987 నుంచి మన సైన్యం జరిపిన ఆపరేషన్ పవన్‌లో ఆ దళం వారు కూడా పాల్గొన్నారు. 2025 మేలో పాకిస్తాన్‌తో ఉద్రిక్తత సమయంలో, ఉన్న 32 పదాతి బెటాలియన్లలో 14 బెటాలియన్లను పిలుచుకునే అధికారాన్ని కేంద్రం సైన్యాధిపతికి ఇచ్చింది. అలాంటి పిలుపు తుపాను కాలమైన అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తే ఏ బెటాలియన్లను తూర్పు తీరంలో ఉంచాలన్నది ముందే నిర్ణయించి పెట్టుకోవాలి. ఆ నిర్ణయం ఉపద్రవం వచ్చిన రాత్రి ఫోన్లలో జరగకూడదు.

ప్రశ్న: డాలస్‌లో చదువుకుంటున్న మా మనవడు అమెరికా పౌరుడు. నేషనల్ గార్డ్‌లో చేరతానంటున్నాడు. విదేశాలకు పంపితే ఉద్యోగం పోతుందేమో, ఊళ్ళోనే ఉండి సేవ చేయాలన్న అతని కోరిక నెరవేరదేమో అని మా భయం.
– దంపతులు, నెల్లూరు

జవాబు: ఉద్యోగం విషయంలో భయపడవలసిన పని లేదు. 1994 నాటి సమాఖ్య చట్టం ప్రకారం, సైనిక సేవ కోసం వెళ్ళినవారికి సాధారణంగా మొత్తం ఐదేళ్ళ వరకు తిరిగి అదే ఉద్యోగం, మధ్యలో రావలసిన సీనియారిటీతో సహా ఇవ్వాలి. యుద్ధ సమీకరణ కాలం ఆ ఐదేళ్ళలోకి రాదు కూడా.

రెండో సందేహం గురించి అతనితో విడమరచి మాట్లాడండి. గార్డులో చేరితే ఊరికి సేవ చేయడమూ ఉంటుంది, పిలుపు వస్తే దేశం దాటి వెళ్ళడమూ ఉంటుంది. ఒకటి ఒప్పుకుని రెండోది కాదనడానికి ఒప్పందంలో వీలు లేదు. గార్డు సభ్యుల్లో చాలామంది మామూలు రోజుల్లో పోలీసులుగా, అగ్నిమాపక సిబ్బందిగా, నర్సులుగా పనిచేస్తారు. అందుకే ఒక చిన్న పట్టణం నుంచి గార్డు కంపెనీ వెళ్ళిపోతే ఆ ఊరు సైనికులతో పాటు ఆపదలో మొదట పరుగెత్తుకు వచ్చే మనుషులను కూడా కోల్పోతుంది. మీ మనవడికి ఊళ్ళోనే ఉండి ఆపదలో పనిచేయాలని ఉంటే టెక్సాస్ స్టేట్ గార్డ్ అనే మరో స్వచ్ఛంద దళం ఉంది. సుమారు ఇరవై రాష్ట్రాల్లో ఇలాంటివి ఉన్నాయి, వీటిని దళాలుగా ఫెడరల్ సైన్యంలోకి పిలిచేందుకు చట్టం అనుమతించదు. జీతం, చదువు ఖర్చుల సాయం గార్డుతో పోల్చదగ్గవి కావు. ఐనా తుపాను ఆశ్రయ కేంద్రాల నిర్వహణలో, వరద సహాయంలో ఆ దళం పనిచేస్తుంది, దాని సభ్యులు రాష్ట్రంలోనే ఉంటారు. రెండు దళాల నియామక కార్యాలయాలకూ వెళ్ళి అడిగి తెలుసుకున్న తరువాతే సంతకం పెట్టమని చెప్పండి.